ఫాల్కన్ వచ్చి వాయేజర్‌ను ఇంటికి తీసుకుపోతే?

స్టార్ ట్రెక్ ఓడ, స్టార్ వార్స్ ఓడ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు? సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్న ఇద్దరు ఒకచోట కూర్చుంటే పది నిమిషాల్లో మాట ఇక్కడికే వస్తుంది, ఇంకో పది నిమిషాల్లో ఎవరో ఒకరు కాలిక్యులేటర్ తీస్తారు. అబద్ధమెందుకు, నేనూ తీశాను.

లెక్క ఇలా ఉంటుంది. 1991లో వచ్చిన స్టార్ ట్రెక్ టెక్నికల్ మాన్యువల్ ప్రకారం ఒక ఫోటాన్ టార్పెడోలో గరిష్ఠంగా కిలోన్నర యాంటీమేటర్ పడుతుంది. అది మరో కిలోన్నర మామూలు పదార్థంతో కలిసి మొత్తం శక్తిగా మారిపోతే, ఐన్‌స్టీన్ సూత్రంలో వేసి చూసుకోండి, దాదాపు 64 మెగాటన్నుల టీఎన్‌టీ పేలినంత వస్తుంది. తక్కువేం కాదు. అయితే 2002లో స్టార్ వార్స్ వైపు నుంచి ఓడల లోపలి భాగాల్ని కోసి చూపించే బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది, అందులో ఒక ఓడ ఫిరంగి ఒక్కో దెబ్బ బలం 200 గిగాటన్నులని రాసేశారు. ట్రెక్ టార్పెడోకి మూడు వేల రెట్ల పైమాటే. పైగా అది పెద్ద యుద్ధనౌక కూడా కాదు, సైనికుల్ని మోసుకెళ్లే ఓడ. ఇక ఆట అయిపోయినట్టే, సర్దుకుని ఇంటికెళ్లొచ్చు.

కాకపోతే 2014 ఏప్రిల్ 25న స్టార్ వార్స్ యజమానులు ఒక ప్రకటన చేశారు. అప్పటిదాకా వచ్చిన నవలలు, కామిక్స్ లాంటివన్నీ ఇకమీదట ‘లెజెండ్స్’ అని, సినిమాలతో పాటు ఒక యానిమేషన్ సీరియల్ మాత్రమే పాతవాటిలో అసలు చరిత్రగా నిలుస్తాయని. దాంతో 200 గిగాటన్నులు ఒక్క పూటలో పుక్కిటి పురాణాల్లో చేరిపోయింది. అటు ట్రెక్ వాళ్ల పద్ధతిలో కూడా తెర మీద కనబడిందే కానన్, అంటే అసలు చరిత్ర, మాన్యువల్లో రాసింది కాదు. అంటే జనం ఏళ్ల తరబడి తలలు బద్దలుకొట్టుకున్న లెక్కలో ఇటు అంకెకూ అటు అంకెకూ కూడా కాళ్లు భూమి మీద లేవన్నమాట.

నా మటుకు నాకు ఇది మంచి వార్తే. ఎవరు గెలుస్తారన్నదానికి జవాబు దొరికిన మరుక్షణం రాయడానికి ఏమీ మిగలదు. మూడు వేల రెట్లు బలమున్నవాడు మొదటి పేజీలోనే గెలుస్తాడు. సరిసమానులైతే ముప్ఫై పేజీలు కొట్టుకుని, ఆ తర్వాత మూడో శత్రువు ఎవడో వస్తే చేతులు కలుపుతారు. రెండూ మనం ఎన్నోసార్లు చదివేసినవే. ఒక్కో లోకం నడవడానికి కొన్ని నియమాలుంటాయి, వాటిలో సగం ఎక్కడా రాసి ఉండవు, ఆ లోకంలోనే తిరుగుతున్నంతసేపు మనకు కనబడవు కూడా, పక్క లోకం వాడెవడో వచ్చి కాలు తగిలించుకున్నప్పుడే బయటపడతాయి. అందుకే క్రాసోవర్ ఫ్యాన్ ఫిక్షన్ (రెండు లోకాల్ని కలిపి అభిమానులు రాసుకునే కథలు) చదివేటప్పుడైనా రాసేటప్పుడైనా నేను వెతికేది ఒకటే. ఈ లోకంలో ఈ బలం దేనిమీద ఆనుకుని నిలబడింది? పొరుగువాడు వచ్చి ఆ ఆసరా లాగేస్తే ఏమవుతుంది?

పదాల గొడవ ముందే తేల్చేద్దాం, పెద్దదేం కాదు. రెండు లోకాలూ వేటికవి ఉండి, మధ్యలో ఏదో తలుపు తెరుచుకుని ఇటువాళ్లు అటు వెళ్తే అది మామూలు క్రాసోవర్. ఒక లోకపు మనుషుల్ని తీసి ఇంకో లోకంలో అక్కడే పుట్టిపెరిగినట్టు పెడితే ఫ్యూజన్: స్టార్ ట్రెక్‌లోని వల్కన్ జాతివాడు స్పాక్, స్టార్ వార్స్ యోధులైన జెడైల ఆలయంలో పెరిగాడనుకోండి, తను వల్కన్‌నన్న సంగతే అతనికి తెలియదు. ఫ్యూజన్‌లో తలుపు అక్కర్లేదు కాబట్టి భౌతికశాస్త్రం తలనొప్పి తగ్గి, మనిషి స్వభావం తలనొప్పి పెరుగుతుంది, ఎందుకంటే వల్కన్ పెంపకం లేని స్పాక్ ఇంకా స్పాకేనా అన్నది ప్రతి డైలాగు దగ్గరా అడ్డం పడుతుంది. 2009లో తెరుచుకున్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ ఫిక్షన్ సైటులో ఈ రెంటికీ కలిపి ఒకటే ట్యాగ్ ఉండటం వల్ల ఒకదానికోసం వెతికితే రెండోది వచ్చి పడుతుంటుంది. ఇక్కడ నేను మాట్లాడేది ఎక్కువగా తలుపు కథల గురించే.

వాయేజర్ కథ చాలామందికి తెలిసిందే. 1995లో మొదలైన స్టార్ ట్రెక్ సీరియల్ అది. ఓడ ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో పడిపోతుంది, తీయగలిగినంత వేగం తీసినా తిరిగి రావడానికి 75 ఏళ్లు. భాగించి చూస్తే కాంతి వేగానికి 930 రెట్లు. మనకు ఊహకందని వేగం, వాళ్లకు జీవితఖైదు. ఇప్పుడు ఆ దారిలో స్టార్ వార్స్ ఓడ మిలీనియం ఫాల్కన్ తగిలిందనుకోండి. స్టార్ వార్స్‌లో గెలాక్సీ ఈ చివర నుంచి ఆ చివరికి పోవడమంటే రోజుల పని. వాయేజర్ కెప్టెన్ జేన్‌వే వెళ్లి ఫాల్కన్ నడిపే హాన్ సోలోను లిఫ్ట్ అడుగుతుంది, వచ్చే వారానికల్లా అందరూ ఇంట్లో. ఏడు సీజన్లు ఒక్క ఎపిసోడ్‌లో ఖతం.

కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ హడావిడిగా ఫాల్కన్‌ను కాంతిని మించి దూకించే ఇంజిన్, హైపర్‌డ్రైవ్, పాడుచేసేస్తారు (అది సొంత సినిమాల్లోనే అవసరమైనప్పుడల్లా మొరాయిస్తుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు, అది వేరే సంగతి), లేదా ‘ఈ విశ్వంలో హైపర్‌స్పేస్ లేదు’ అని ఒక వాక్యం పడేసి దాటేస్తారు. రెండూ చెల్లుతాయి కానీ రెండింటివల్లా కథకు ఒరిగేదేమీ లేదు. వచ్చిన అతిథి కాళ్లు విరగ్గొట్టి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. దానికి బదులు ఆ వేగం దేనిమీద ఆనుకుందో చూడండి. 1977 నాటి మొదటి సినిమాలోనే హాన్ విసుక్కుంటూ ఆ గుట్టు చెప్పేస్తాడు: లెక్క సరిగా వేయకుండా దూకితే నేరుగా ఏ నక్షత్రంలోకో దూసుకుపోతాం అని. అంటే ఆ వేగంలో ఇంజిన్ సగమే, మిగతా సగం మ్యాపు. తరతరాలుగా జనం తిరిగి తిరిగి గుర్తుపెట్టుకున్న దారులు, వాటిని దాచుకున్న నావిగేషన్ కంప్యూటర్. ముక్కూమొహం తెలియని గెలాక్సీలో పడ్డ ఫాల్కన్‌కు ఇంజిన్ భేషుగ్గా ఉంది, మ్యాపులో మాత్రం ఒక్క గీత లేదు.

వాయేజర్‌ది సరిగ్గా ఎదురు పరిస్థితి. నెమ్మదైన ఓడ, కానీ పుట్టిందే అన్వేషణకు, కనబడిన ప్రతి నక్షత్రాన్నీ కొలిచి రాసుకోవడం దాని నిత్యకృత్యం, నాలుగో సీజన్ నుంచి అందుకోసం ఆస్ట్రోమెట్రిక్స్ ల్యాబ్ ఒకటి ప్రత్యేకంగా ఉంది కూడా. ఒకరికి కాళ్లున్నాయి, ఒకరికి కళ్లున్నాయి. వాయేజర్ ముందున్న కొన్ని కాంతి సంవత్సరాల్ని కొలిచి ఇస్తే ఫాల్కన్ అంతమేరకు ప్రాణాలు అరచేత పట్టుకుని దూకుతుంది. ఇలా ముక్కలు ముక్కలుగా పోవచ్చు. ఎవరి బలమూ తగ్గించలేదు, ఎవరి లోకాన్నీ అవమానించలేదు, అయినా ఒకరు లేకుండా ఒకరికి గడవదు.

పైగా ఇప్పుడు ఇంతకుముందు లేని ప్రశ్న ఒకటి పుట్టింది. వాయేజర్‌లో దాదాపు 150 మంది, ఫాల్కన్‌లో గట్టిగా కూరితే ఎంతమంది పడతారు, పది? పన్నెండు? వెళ్లేది ఎవరు? ఈ జాబితా జేన్‌వే టేబుల్ మీద ఉందనుకోండి, ఫేజర్లూ టర్బోలేజర్లూ కలిసి పేలినా రాని టెన్షన్ ఆ ఒక్క కాగితంలో ఉంటుంది.

దీన్నే ఇంకాస్త లోతుగా చూడాలంటే డ్యూన్ నవలల లోకం కన్నా మంచి చోటు లేదు. నేను నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ వదిలేసిన కథ అక్కడిదే. ఊహ చాలా సింపుల్: స్టార్ వార్స్ రోబోలు ఆర్2-డీ2, సీ-3పీఓ తమ లోకంలోని టాటూయిన్ గ్రహం ఎడారిలో దిగబోయి డ్యూన్‌లోని అర్రాకిస్ గ్రహం ఎడారిలో దిగుతాయి. ఇసుకకు ఇసుక సరిపోయింది కదా అని మొదటిసారి కామెడీ రాశాను. వెనక ఇసుక పురుగు వస్తోంది, సీ-3పీఓ బతికి బయటపడే అవకాశం ఎంతో లెక్క చెప్తోంది, ఆర్2 ఈలలు వేస్తోంది, అలా. రెండు పేజీలు అయ్యాక అర్థమైంది, నేను అర్రాకిస్‌లో లేను, ఇసుక రంగు మార్చిన టాటూయిన్‌లోనే ఉన్నాను.

ఎందుకంటే డ్యూన్ లోకంలో కథ మొదలవడానికి పది వేల ఏళ్ల ముందే మనుషులు ఆలోచించే యంత్రాల మీద తిరగబడి వాటిని నామరూపాల్లేకుండా చేశారు. మనిషి బుద్ధిని పోలిన యంత్రాన్ని చేయకూడదన్నది అక్కడ మత శాసనం. కంప్యూటర్లు చేసే పని చేయడానికి మెంటాట్లని మనుషులకే శిక్షణ ఇస్తారు. ఇప్పుడు అక్కడి దర్బారులో ఒక దృశ్యం చూడండి. ద్వారం దగ్గర బంగారు రంగు ఆకారం నిలబడి ఉంది. కాపలావాడు ఎవరో కవచం తొడుక్కున్న పరదేశి అనుకుని మోచేయి పట్టుకుని లోపలికి నడిపించుకొచ్చాడు. అది వంగి నమస్కరించి, తనకు 60 లక్షలకు పైగా రకాల సంభాషణా పద్ధతులు వచ్చని ఎంతో మర్యాదగా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. మెంటాట్ దాని నడుము దగ్గర బయటికి కనబడుతున్న వైర్ల వంక చూస్తున్నాడు. కాపలావాడు ఇందాక దాన్ని పట్టుకున్న చేతిని మెల్లగా తొడకేసి తుడుచుకుంటున్నాడు. సీ-3పీఓ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

డైలాగు ఒక్క అక్షరం మారలేదు. సొంత ఇంట్లో నవ్వు పుట్టించిన మాటే ఇక్కడ మరణశిక్ష తెచ్చిపెట్టేలా ఉంది. అయితే మూడో ప్రయత్నంలో నాకు తట్టింది ఏమిటంటే, అసలు ప్రమాదం వాగుడుకాయ సీ-3పీఓతో కాదు, పక్కన పీపాలా నిలబడ్డ ఆర్2తో. డ్యూన్‌లో అర్రాకిస్ మీద మాత్రమే దొరికే మసాలాకు అంత విలువ ఎందుకు? నక్షత్రాల మధ్య ఓడలు సురక్షితంగా పోవాలంటే దారి ముందే తెలియాలి, ఆ దారి చూడగలిగేది మసాలా తిని భవిష్యత్తును పసిగట్టే, ఓడలు నడిపే సంఘమైన గిల్డ్ నావిగేటర్లు మాత్రమే. ఆ అవసరం ఎందుకొచ్చింది? దారి లెక్కకట్టే యంత్రాలు నిషిద్ధం కాబట్టి. మొత్తం సామ్రాజ్యం, చక్రవర్తి గారి ధీమా, గిల్డ్ గుత్తాధిపత్యం, అర్రాకిస్ కోసం వంశాలు వంశాలు చంపుకోవడం అన్నీ ఆ ఒక్క నిషేధం మీద ఆనుకుని ఉన్నాయి. ఇప్పుడు ఎగరడంలో పైలట్‌కు తోడుగా హైపర్‌స్పేస్ లెక్కలు మోసే బుల్లి యంత్రం ఒకటి ఇసుకలో దొర్లుకుంటూ వచ్చింది. దాన్ని పగలగొట్టాలని మతగురువులు, దొంగతనంగా దక్కించుకోవాలని ప్రతి వంశం, అసలు అలాంటిది ఉందన్న మాటే బయటికి పొక్కకూడదని గిల్డ్. ఆర్2 ఒక్క తుపాకీ పేల్చకుండా మసాలా ధర పడగొట్టగలదు! (తర్వాతి నవలల్లో ఇక్స్ గ్రహం వాళ్లు నావిగేషన్ యంత్రాలు చేసి గిల్డ్ పట్టు సడలిస్తారు, అంటే ఈ బలహీనత ఎక్కడుందో ఆ లోకాన్ని సృష్టించినవాడికి ముందే తెలుసు.)

జెడైల కాంతి కత్తి, లైట్‌సేబర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డ్యూన్ మనుషులు ఒంటికి హోల్ట్స్‌మన్ కవచం వేసుకుంటారు. వేగంగా వచ్చేదాన్ని ఆపుతుంది, నెమ్మదిగా జొరబడే కత్తిని ఆపలేదు, అందుకే అన్ని వేల ఏళ్ల తర్వాత కూడా వాళ్లు కత్తులతో పోట్లాడుతున్నారు. లేజర్ తుపాకీ కిరణం ఆ కవచానికి తగిలితే మాత్రం అణుబాంబు స్థాయిలో పేలుడు రావచ్చు, కాల్చినవాడూ మిగలడు. మరి లైట్‌సేబర్‌ను ఏ ఖాతాలో వేయాలి? లేజర్ అనుకుంటే మొదటి వేటుకే దాన్ని పట్టుకున్న జెడై ల్యూక్, ఎదుటివాడు, ఆ భవనం అన్నీ బూడిద, కథ అక్కడితో సరి. కత్తి అనుకుంటే మాత్రం సంగతి మారుతుంది, ఎందుకంటే జెడై విద్య అంతా వేగం మీదే ఉంది, కళ్లకు గంతలు కట్టుకుని తుపాకీ దెబ్బల్ని తిప్పికొట్టేవాడు ఇక్కడ వేగంగా విసిరిన ప్రతి వేటూ కవచానికి తగిలి పక్కకు జారిపోవడం చూస్తాడు. వాడికి నేర్పినదాన్ని వాడే మరిచిపోవాలి. నెమ్మదించడం ఎలాగో డ్యూన్‌లో కత్తిసాము నేర్పే ఏ గర్నీ హాలెక్ దగ్గరో చేతులు కట్టుకుని నేర్చుకోవాలి. ఆ ఖాతా నిర్ణయం రాసేవాడికి అర నిమిషం పని, దాన్నుంచి ఒక గురుశిష్యుల కథ మొత్తం వస్తుంది.

భాషల ఇబ్బంది మీద ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. ట్రెక్‌లో యూనివర్సల్ ట్రాన్స్‌లేటర్ ఉంది, డాక్టర్ హూ సీరియల్లో టార్డిస్ అనే కాలనౌక అనువదిస్తుంది, మిగతాచోట్ల అందరికీ ఇంగ్లీషు ఎలాగో వచ్చేసి ఉంటుంది, చదివేవాళ్లు అడగరు.

చరిత్ర మాత్రం అడుగుతుంది. రెండు లోకాల్లోనూ భూమి ఉంటే పెద్ద చిక్కే. స్టార్‌గేట్ సీరియల్లో అమెరికా వైమానిక దళం 1990లలోనే గుట్టుచప్పుడు కాకుండా గేటు గుండా వేరే గ్రహాలకు పోతోంది, మరి కొన్నేళ్లకే సొంతంగా నక్షత్ర నౌక కూడా కట్టేసుకుంది. ట్రెక్ చరిత్రలో అవే 1990లలో యూజెనిక్స్ యుద్ధాలు జరిగాయని 1967 ఎపిసోడ్ చెప్తుంది, తర్వాత మూడో ప్రపంచ యుద్ధం, ఆపైన 2063 ఏప్రిల్ 5న జెఫ్రమ్ కోక్రేన్ మొదటి వార్ప్ (కాంతిని మించిన వేగం) ప్రయాణం, వల్కన్లు దిగడం. రెండూ ఒకే భూమి మీద పట్టవు. సమాంతర విశ్వం అనేస్తే ఒక్క దెబ్బకు తెగిపోతుంది, ట్రెక్‌లో 1967 నుంచే అద్దం లోకం ఉంది, స్టార్‌గేట్‌లోనూ అలాంటివి బోలెడు. కానీ సమాంతర విశ్వంలో జరిగిన నష్టం ఎవరిదీ కాదు, పొద్దున లేచి ఇంటికెళ్లిపోవచ్చు, అందుకే నాకది నచ్చదు. కష్టమైనా రెండో దారే మేలనిపిస్తుంది: గేటు నిజంగానే ఉండేది, యుద్ధంలో దాని రికార్డులు కాలిపోయాయి, తెలిసినవాళ్లు చచ్చిపోయారు, గేటు ఏదో కొండ కింద పూడిపోయింది. తనే మొదటివాడినని నమ్ముతున్న కోక్రేన్, పక్కన రాకెట్‌కు బోల్టులు బిగిస్తూ, తన తాత ఎక్కడెక్కడికి వెళ్లొచ్చాడో తెలిసీ నోరు మెదపని సహాయకుడు. యూజెనిక్స్ యుద్ధాల సంగతేంటి అంటారా, అక్కడ నేను కూడా చాపకిందకు తోసేస్తాను.

ఇంకో వింత ముడి ఉంది. స్టార్‌గేట్ మనుషులు స్టార్ ట్రెక్ టీవీలో చూసినవాళ్లు. వాళ్ల నాయకుడు ఓ’నీల్ తమ ఓడకు ట్రెక్ ఓడ పేరే, ఎంటర్‌ప్రైజ్ అని పెడదామని అడుగుతాడు కూడా. 2005 డాక్టర్ హూలో డాక్టర్ వెంట తిరిగే రోజ్ అతన్ని మిస్టర్ స్పాక్ అని పరిచయం చేస్తుంది. అంటే ఆ లోకంలో స్పాక్ ఒక కల్పిత పాత్ర. అయినా 2012లో డాక్టర్, ట్రెక్ కెప్టెన్ పికార్డ్ సిబ్బంది కలిసి ట్రెక్ శత్రువులైన బోర్గ్‌లనూ డాక్టర్ శత్రువులైన సైబర్‌మెన్‌నూ ఎదుర్కొనే కామిక్ అధికారికంగానే వచ్చింది, ఆకాశం విరిగి పడలేదు. పాఠకుడు మర్యాదగా కళ్లు మూసుకునే చోట్లు కొన్ని ఉంటాయి, అవి ఎక్కడున్నాయో పసిగట్టడం కూడా ఈ పనిలో భాగమే.

అతుకు కనబడకుండా దాచాలా, కనబడేట్టు కుట్టాలా అన్నదానికి నాకు తెలిసి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ఫ్యాన్ ఫిక్షన్ కాదు, ఐజాక్ అసిమోవ్. ఆయన 1940లలో రోబోల కథలు ఒకవైపు, ఫౌండేషన్ కథలు ఇంకోవైపు దేనికది రాశాడు. ఫౌండేషన్ గెలాక్సీలో రోబోలే కనబడవు. 1980లలో రెంటినీ ఒకే చరిత్ర చేయాలనుకున్నాడు, అంటే తన లోకాల మీద తనే క్రాసోవర్ రాసుకోవడమన్నమాట. మరి రోబోలు ఏమైపోయాయి? 1950లో వచ్చిన ఆయన నవలలో భూమి ఎందుకు రేడియోధార్మికతతో నిండిపోయి ఉంది? ఈ రెండు చిరుగుల్ని ఆయన దాచలేదు. 1985 నవలలో వాటినే కథ చేశాడు, మనుషుల్ని కాపాడటమనే రోబో మొదటి సూత్రానికి పైన మానవజాతిని కాపాడటమనే సున్నా సూత్రం పెట్టి, ఆ సూత్రం బరువు మోయలేక ఒక రోబో కూలిపోయేట్టు, ఇంకొకటి వేల ఏళ్లు తెరవెనకే ఉండిపోయేట్టు చేశాడు. రెండు సిరీస్‌ల మధ్య ఖాళీ ఉన్నచోట ఇప్పుడు ఒక విషాదం ఉంది.

ఇంకా పాత ఉదాహరణ కావాలంటే అరణ్యపర్వం తీయండి. సౌగంధిక పుష్పం కోసం పోతున్న భీముడికి దారిలో ముసలి కోతి తోక అడ్డంగా ఉంటుంది. రామాయణం మనిషి భారతంలోకి వచ్చాడు, ఇద్దరూ వాయుపుత్రులే, ఇద్దరూ మహాబలులే, ‘ఎవరు గెలుస్తారు’ గొడవకు ఇంతకన్నా మంచి జోడీ ఎక్కడ దొరుకుతుంది? యుద్ధం లేదు. తోక పక్కకు తీసి వెళ్లమంటాడు, భీముడు ఎత్తలేకపోతాడు, అంతే. ఆ తర్వాత సముద్రం దాటిన నాటి రూపం చూపించమంటే హనుమంతుడు ముందు చెప్పే సాకు ఏమిటో చూడండి: ఆ యుగం వేరు, ఆ కాలపు బలాలు వేరు, ఇప్పుడు అవి ఉండవని. పవర్ స్కేలింగ్ (ఎవరి బలం ఎంతో లెక్కగట్టడం) గురించి ఇవాళ్టికీ జనం తన్నుకుంటున్న ప్రశ్నను వ్యాసుడు ఒక తోకతో, ఒక సాకుతో దాటేశాడు.

దీనికి పూర్తి ఎదురుగా నడిచేదాన్ని మేరీ స్యూ అంటారు. 1973లో ఒక ట్రెక్ అభిమానుల పత్రికలో వచ్చిన ఎగతాళి కథ నుంచి పుట్టిన మాట, పదిహేనున్నరేళ్లకే లెఫ్టినెంట్ అయిపోయి అందరి మన్ననలూ పొందేసే పిల్ల పేరది. క్రాసోవర్‌లో చిత్రమేమిటంటే మనిషే కానక్కర్లేదు, ఒక లోకం మొత్తం మేరీ స్యూ అయిపోగలదు. రాసేవాడికి ఇష్టమైన లోకం వాళ్లు వచ్చీరాగానే అవతలివాళ్ల సమస్యలన్నీ తీర్చేస్తారు, అవతలివాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తుంటారు. మూడు పేరాల్లో వాసన వస్తుంది.

హక్కుల గొడవ గురించి కొంచెం. ఏలియన్, ప్రిడేటర్ ఒకే స్టూడియో సొత్తు కాబట్టి 1989 నుంచి కామిక్స్‌లో అధికారికంగానే కొట్టుకోగలిగాయి, 1990 ప్రిడేటర్ సినిమాలో ఓడ గోడ మీద ఒక ఏలియన్ పుర్రె పెట్టి ఊరుకున్నారు, దానికే థియేటర్లో జనానికి ఒళ్లు పులకరించింది. ట్రెక్, స్టార్ వార్స్ యజమానులు వేరు, అందుకే ఆ రెండూ కలవాలంటే అభిమానులే దిక్కు. ఉచితంగా రాసుకున్నంతవరకు సాధారణంగా చూసీచూడనట్టు పోతారు, డబ్బు చేతులు మారితేనే లాయర్లు లేస్తారు. విరాళాలు పోగుచేసి తీస్తున్న ఒక ట్రెక్ అభిమాన చిత్రం మీద 2015లో కేసు పడింది, మరుసటి ఏడాది అభిమానుల సినిమా ఒక్కో కథ 15 నిమిషాలు దాటకూడదనేదాకా నిబంధనలు వచ్చాయి. కథలు రాసేవాళ్లకు అలాంటి గడియారం ఎవరూ పెట్టలేదు.

మళ్లీ ఫాల్కన్ దగ్గరికి వద్దాం, ఇందాక ఒకటి వదిలేశాను. మ్యాపు సంగతి తేలింది కానీ హాన్ సోలో ఎందుకు సాయం చేయాలి? అతను కదిలేదే డబ్బు కోసం. మొదటి సినిమాలో అతని తల మీద జబ్బా అనే ముఠా నాయకుడికి కట్టాల్సిన అప్పు ఉంది, ఆ అప్పు లేకపోతే ముసలాయన్నీ కుర్రాణ్నీ ఓడ ఎక్కించుకునేవాడే కాదు. అలాంటివాణ్ని తీసుకెళ్లి ట్రెక్ గ్రహాల కూటమి అయిన ఫెడరేషన్‌లో పెడితే అతనిలోంచి ఇంజిన్ తీసేసినట్టే. అక్కడ డబ్బు లేదు, ఏం కావాలన్నా రెప్లికేటర్ అనే యంత్రం నోట్లోంచి వస్తుంది. ఎంటర్‌ప్రైజ్‌లో హాన్‌ను ఊహించుకోండి, వేళకు తిండి, మెత్తటి పరుపు, బాకీ అన్న మాట అర్థం కాని జనం, వారం తిరిగేసరికి అతనికి పిచ్చెక్కుతుంది. హాన్ హాన్‌లా ఉండాలంటే ఏదో ఒకటి కొరతగా ఉండాలి. చాలా ట్రెక్ క్రాసోవర్లలో అతను మంచి పిల్లాడైపోయి వేరే ఎవరిలాగానో మాట్లాడటం మొదలుపెట్టేది ఇందుకే.

వాయేజర్ ఒక్కటి వేరు. ఇంటికి అంత దూరంలో ఇంధనం పొదుపుగా వాడుకోవాలి కాబట్టి అక్కడ రెప్లికేటర్ వాడకానికి రేషన్ ఉంది, మనిషికి ఇంత అని. రేషన్ వచ్చినచోట మారకం ఎలాగూ వస్తుంది, సీరియల్లోనే ఓడ పైలట్ టామ్ పారిస్ రెప్లికేటర్ రేషన్లు పణంగా పెట్టించి పందేలు నడిపి పై అధికారికి దొరికిపోతాడు. డబ్బును దాటి ఎదిగామనుకున్న నాగరికత తెలియకుండానే డబ్బును మళ్లీ కనిపెట్టుకున్న ఓడ అది. హాన్ సోలోకు మొత్తం ఫెడరేషన్‌లో ఊపిరాడే చోటు ఏదైనా ఉంటే ఇదే.

కాబట్టి నేనైతే కథ జేన్‌వే దగ్గర మొదలుపెట్టను. మెస్ హాల్లో మొదలుపెడతాను, రాత్రి షిఫ్టు, వంటవాడు నీలిక్స్ గిన్నెలు సర్దుకుంటున్నాడు. బల్లకు ఇటు పారిస్, అటు హాన్, పక్కన హాన్ జతగాడు చ్యూబాకా కుర్చీ చాలక నేలమీద కూర్చున్నాడు. పేకలు కొత్తవి, ఆట నియమాలు పావుగంట కింద నేర్చుకున్నవి, అయినా పారిస్ మూడు వారాల రేషన్ అప్పటికే అవతలి పక్క కుప్పలో ఉంది. మిగిలిన ముక్కలు చేతిలో తిప్పుకుంటూ హాన్ అడుగుతాడు, అవునూ, ఫాల్కన్‌లో ఎక్కేవాళ్ల జాబితా ఒకటి రాస్తున్నారట కదా, అందులో సీటు మీ దగ్గర ఎన్ని రేషన్లు పలుకుతుంది? పారిస్ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోతాడు. వంటగదిలో గిన్నెల చప్పుడు కూడా ఆగుతుంది.